ఏటికి ఎదురు ఊగిన జడలమ్మ

2022 ఎండాకాలం. నందిగామలో పాత హైవే పక్కన ఒక మందుల షాపు పైన రెండు గదులు అద్దెకు తీసుకుని, ముగ్గురం ఒక వీడియో గేమ్ తయారుచేస్తున్నాం. కింద మందులకు వచ్చినవాళ్లు మెట్ల దగ్గర మా బోర్డు చూసి పైకి వచ్చేవాళ్లు. పాడైన ఫోన్లు బాగుచేస్తారా అని కొందరు, ఆధార్ కార్డులో పుట్టినతేదీ మారుస్తారా అని కొందరు అడిగేవాళ్లు. మేం చేసే పని చెబితే కాస్త జాలిగా చూసి దిగిపోయేవాళ్లు.

ఇప్పుడు దీని గురించి రాయడానికి కారణం ఉంది. ఈమధ్య ఒక కాలేజీవాళ్లు మా వృత్తి గురించి విద్యార్థులకు చెప్పమని పిలిచారు. నన్ను పరిచయం చేసినాయన, "జడలమ్మను సృష్టించింది వీరే" అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేను లేచి నమస్కారం పెట్టాను. అక్కడే కాదనవలసింది. అనలేదు. ఇంటికొచ్చాక కూడా ఆ చప్పట్లు నన్ను వదల్లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మేం చేస్తున్నది ప్లాట్‌ఫార్మ్ గేమ్. ఒక గట్టు మీంచి ఇంకో గట్టు మీదికి దూకుతూ, అడ్డొచ్చినవాటిని తప్పించుకుంటూ, లేదంటే నెత్తి మీద దూకి తొక్కేస్తూ, చివరికి చేరుకునే ఆట అన్నమాట. మా ఆటలో ఒక పిల్ల బావిలో పడిన బిందె కోసం దిగుతుంది. బిందె కొట్టుకుపోతుంటే దాని వెంట బావిలోంచి వాగులోకి, వాగులోంచి ఏట్లోకి, ఏట్లోంచి సముద్రంలోకి పోతుంది. ఏటి అడుగున జరిగే భాగాన్ని మేం 'నీటి లెవెల్' అనేవాళ్లం. అందులో ఉండే శత్రువే జడలమ్మ. చూడటానికి నాచులా ఉంటుంది. పొడుగాటి ఆకుపచ్చ జడలు నీళ్లలో ఊగుతుంటాయి. చుట్టూ అలాంటి మామూలు నాచు మొక్కలు బోలెడు. మొక్కే కదా అని దగ్గరికి పోతే పిల్ల కాళ్లకు జడలు చుట్టి లోపలికి లాగేస్తుంది.

దాన్ని ఊహించింది, గీసింది, కదిలించింది షబానా. పుట్టిల్లు పెనుగంచిప్రోలు, అత్తగారిల్లు జగ్గయ్యపేట. మా దగ్గరికి రాకముందు పేటలో ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి వీడియోలకు గ్రాఫిక్స్ చేసేది. రోజూ బస్సులో నందిగామ వచ్చి పోయేది. రెండో మనిషి ప్రసాద్, ఆటలో వినిపించే చప్పుళ్లన్నీ అతనివే. జడలమ్మ అని పేరు పెట్టింది కూడా అతనే. మూడోవాణ్ణి నేను. హైదరాబాదులో చాలా ఏళ్లు ఇదే పని చేసి, కరోనా తర్వాత ఇంటికి వచ్చేశాను. కోడ్ రాయడం, చివరి మాట చెప్పడం నావి.

"మొక్కకీ దీనికీ తేడా ఆడేవాళ్లకి ఎట్టా తెలుసుద్ది?" అని మొదట్లోనే షబానాను అడిగాను.

ఆమె తన ఫోన్‌లో, పెనుగంచిప్రోలు దగ్గర మున్నేట్లో తీసిన వీడియో చూపించింది. నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున నాచు అంతా ప్రవాహం పోయే వైపుకే వాలి ఊగుతోంది. మధ్యలో ఒకటి మాత్రం అటు వాలకుండా ఎదురు తిరుగుతోంది.

"అది నాచు కాదు సార్, నీరుకట్టె పాము," అంది. "ఏట్లో దిగేటప్పుడు మా అమ్మ చెప్పేది. నీళ్లు ఎటు పోతే అటు ఊగేది మొక్క. ఎదురు ఊగిందంటే దానికి ప్రాణం ఉన్నట్టే, అక్కడ కాలు పెట్టొద్దు అని."

దాన్నే ఆటలోకి తెచ్చింది. మొక్కలన్నీ ఎడమ నుంచి కుడికి వాలుతుంటే జడలమ్మ జడలు కుడి నుంచి ఎడమకు వస్తాయి. రంగు తేడా లేదు, కళ్లు లేవు, కోరలు లేవు. కదలికే గుర్తు. ఒక్కో కదలికకీ విడివిడిగా బొమ్మలు గీసింది. ఇన్నేళ్ల పనిలో శత్రువును ఇంత నిజాయితీగా తయారుచేసినవాళ్లను నేను చూడలేదు. చచ్చిపోయిన ఆటగాడికి కూడా తప్పు తనదేనని ఒప్పుకోవాలనిపించాలి. మంచి శత్రువు అంటే అదే.

ఇక నా పనికి వస్తాను. మా ఆట మామూలు ఫోన్లలో కూడా ఆడాలి. నీటి లెవెల్‌లో అన్ని మొక్కలు విడివిడిగా ఊగుతుంటే ఫోన్ వేడెక్కిపోయి ఆట ఆగి ఆగి నడిచేది. అందుకని నేను ఒక చిట్కా వేశాను. మొక్కలన్నిటినీ ఒక గుంపు చేసి, ఆ గుంపుకంతా ఒకటే ఊపు ఇచ్చాను. ఫోన్ చల్లబడింది. నాకు నేనే శభాష్ అనుకున్నాను.

కొన్నాళ్లకు షబానా నా కుర్చీ దగ్గరికి వచ్చింది. "సార్, నా కంప్యూటర్లో జడలమ్మ ఎదురు ఊగుతోంది. ఫోన్‌లో ఊగుతున్నట్టు లేదు."

"చిన్న స్క్రీన్ కదమ్మా, అట్టాగే కనపడుద్ది," అన్నాను. తల కూడా తిప్పలేదు.

ఆట సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ప్లేటెస్ట్ చేస్తారు. అంటే, ఆట గురించి ఏమీ తెలియనివాళ్ల చేతికి ఇచ్చి, వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో వెనక కూర్చుని చూడటం. దీనికి ఒకే నియమం. తయారుచేసినవాళ్లు నోరు మెదపకూడదు. హైదరాబాదులో నేను ఈ నియమాన్ని కుర్రాళ్లకు పాఠంలా చెప్పినవాణ్ణే. నందిగామ వచ్చాక గంగలో కలిపాను. మన వైపు ఎవరైనా దారి అడిగితే ఎడమకు తిరుగు, కుడికి తిరుగు అని చెప్పి ఊరుకోం. బండి ఎక్కించుకుని ఆ ఇంటి ముందు దింపి వస్తాం. పిలిస్తే మెట్లెక్కి వచ్చిన మనిషికి టీ ఇచ్చి కూర్చోబెట్టి, ఆయన మన కళ్ల ముందు మళ్లీ మళ్లీ చస్తుంటే చేతులు కట్టుకుని చూడటం నా వల్ల కాలేదు.

ఎల్ఐసీ ఏజెంటు సుబ్బారావు గారు ఆడుతుంటే, "దానికి కాస్త ఎడంగా పోండి బాబాయ్ గారూ" అనేవాణ్ణి. మందుల షాపు ఓనరు ఆడుతుంటే, "ఆ మూడోది మొక్క కాదండి, పైనుంచి రండి" అనేవాణ్ణి. వాళ్లంతా నీటి లెవెల్ దాటేవాళ్లు. భలే ఉందయ్యా అనేవాళ్లు. అందరూ దాటారు, ఏ ఇబ్బందీ లేదు అని పబ్లిషర్‌కు చెప్పాను. పబ్లిషర్ అంటే మేం చేసిన ఆటను జనంలోకి తీసుకెళ్లే కంపెనీ. బెంగళూరులో ఉండే అనిత గారు వాళ్ల తరఫున మా ఆట చూసుకునేవారు. నెల్లూరు మనిషి, ఏ మాటైనా ముఖం మీదే అనేసేవారు.

వాళ్లు తమ మనుషులతో ఆడించి, ఆ వీడియోలు మాకు పంపారు. ముగ్గురం కూర్చుని చూశాం. ఒక్కరు కూడా జడలమ్మను దాటలేదు. చచ్చారు, మళ్లీ వచ్చారు, మళ్లీ చచ్చారు. ఒకమ్మాయి ఫోన్ బల్ల మీద బోర్లించి వెళ్లిపోయింది.

మర్నాడు వీడియో కాల్‌లో అనిత గారు, "రఘు గారూ, మిగతా ఆట బంగారం. ఈ నీటి లెవెల్ మటుకు అన్యాయంగా ఉంది. ఎందుకు చచ్చామో ఎవరికీ తెలియట్లేదు. తీసేయండి. వాగు నుంచి నేరుగా సముద్రానికి కలిపేయండి," అన్నారు.

"ఎందుకట్టా అయింది?" అని తర్వాత అడిగారు.

షబానా నా పక్కనే ఉంది, కెమెరాకు కనపడకుండా. నేను అన్న మాటలు ఇవి: "ఆర్ట్ దగ్గర కొంచెం స్పష్టత తగ్గిందండి. మా అమ్మాయికి ఇదే మొదటి గేమ్."

ఆ మాట అనేముందు నేను ఏమీ పరీక్షించలేదు. ఫోన్ తీసి చూడలేదు, నా కోడ్ చూడలేదు. నాకు తట్టిన మొదటి కారణం పక్కనున్న మనిషి. వచ్చే వారం చివరి బిల్డ్ పంపేటప్పటికి సరిచేయగలిగితే చూస్తాం, లేకపోతే లెవెల్ తీసేసి పంపండి అని అనిత గారు కాల్ ముగించారు. బిల్డ్ అంటే ఫోన్లలోకి ఎక్కించడానికి సిద్ధం చేసిన ఆట.

గదిలో ప్రసాద్ హెడ్‌ఫోన్స్ సర్దుకుంటూ కిటికీ వైపు చూశాడు. షబానా బల్ల మీది ఫోన్ చేతిలోకి తీసుకుంది. తర్వాత, "టెస్ట్ ఫోన్ నేను తీసుకెళ్తా సార్," అంది. "రేపు ఆదివారం పేట రండి. ఆటలు ఆడటం వచ్చినోళ్లు ఒకరున్నారు మా ఇంట్లో."

"ఎవరు?"

"మా అత్తమ్మ. ఒక్క షరతు సార్. మీరు మాట్లాడకూడదు."

షబానా అత్తగారు కరీమున్నీసా గారికి జగ్గయ్యపేట బజార్లో గాజుల కొట్టు ఉంది. బేరం లేనంతసేపూ ఫోన్‌లో ఆటలే. ఆమె కొడుకు సిమెంటు లారీ నడుపుతాడు. రోడ్డు మీద ఉన్నప్పుడు ఫోన్ చేస్తే ఈ లెవెల్ అయ్యాక చేస్తా నాయనా అని పెట్టేస్తుందని బస్టాండు నుంచి కొట్టుకు పోయే దారిలో షబానా చెప్పింది.

"రండి బాబూ. మా కోడల్ని పొద్దుగూకులూ కూర్చోబెట్టి పని చేయించేది మీరేనా?" అందామె నన్ను చూసి.

"అవునమ్మా," అన్నాను.

"స్టూలు మీద కూర్చోండి. వెలుతురుకి అడ్డం రాకండి."

ఆట మొదలుపెట్టింది. బావి, వాగు చకచకా దాటేసింది. అంత వేగంగా మా ప్రసాద్ కూడా దాటలేడు. నీటి లెవెల్ రాగానే చచ్చిపోయింది. మళ్లీ ఆడింది, మళ్లీ చచ్చింది. నా నోటి దాకా 'ఎడంగా' అన్న మాట వచ్చింది. షబానా నా వైపు చూసింది. మింగేశాను. గాజుల కోసం వచ్చిన ఇద్దరాడవాళ్లు కూడా నిలబడి చూస్తున్నారు.

"ఏందే ఇది?" అంది ఆమె కోడలితో. "మోసం ఆట."

"ఏం మోసం అత్తమ్మా?"

"అన్నీ ఒకేరకంగా ఊగుతుంటే ఏది కరుసుద్దో నాకెట్టా తెలుసుద్ది? నా కొట్టులో అన్ని గాజులూ ఒకే సైజు పెట్టి, నీ చేతికి ఏది పడుద్దో చూసుకోమన్నట్టుంది."

గాజులకు వచ్చినావిడ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అన్నీ ఒకేరకంగా ఊగుతున్నాయి. గుంపు. మొక్కలన్నిటినీ ఒక గుంపు చేసినప్పుడు, నాచులా ఉంది కదా అని జడలమ్మను కూడా అందులోనే వేశాను. షబానా గీసిన కదలికలన్నీ ఫోన్‌లోకి వెళ్లేసరికి నా ఊపు కింద పడి మాయమైపోయాయి. ఎదురు ఊగవలసింది, మొక్కలతో పాటే వాలుతోంది. ఇన్నాళ్లూ ఆ సంగతి బయటపడకపోవడానికి కారణం కూడా నేనే. మా గదికి వచ్చిన ప్రతి మనిషినీ మాటలతో దాటించేశాను.

కొట్టు బయటికి వచ్చాక షబానాకు చెప్పాను. నా కోడ్ వల్లేనని.

 "ఆ రోజు అడిగా కదా సార్," అంది. గొంతు పెంచలేదు. "నాకు గీయడం రాలేదేమో అనుకుని రెండుసార్లు మొత్తం మళ్లీ గీశా."

ఆ రెండుసార్ల సంగతి నాకు తెలియదు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"నిన్న కాల్‌లో అన్నదానికి సారీ అమ్మా," అన్నాను.

"ముందు లెవెల్ బతికించండి సార్."

జడలమ్మను గుంపులోంచి తీయడం చిటికెలో పని. తీయగానే పాత కష్టం మళ్లీ వచ్చింది, ఫోన్ వేడెక్కింది. జడలు ఎక్కువ, ఒక్కో జడకీ బొమ్మలు ఎక్కువ. జడలు తగ్గిద్దామా అన్నాను. షబానా ఒప్పుకోలేదు.

"జడలు తగ్గిస్తే అది జడలమ్మ ఎందుకవుద్ది? మొక్కల్ని ఆపండి సార్. పిల్ల దగ్గర్లో ఉన్నవి ఊగితే చాలు. దూరంగా ఉన్నవి కదలకపోయినా ఎవరు చూస్తారు?"

అంత సూటిగా నాకు తట్టలేదు. దూరపు మొక్కలను నిలబెట్టేశాను. ఫోన్ చల్లగా ఉంది. దగ్గరి మొక్కలు కుడికి వాలుతున్నాయి, వాటి మధ్యలో ఒకటి తాపీగా ఎడమకు వస్తోంది. మొదటిసారి దాన్ని ఫోన్‌లో చూసినప్పుడు, తయారుచేసినవాళ్లలో ఒకణ్ణై ఉండి కూడా వెన్ను జలదరించింది. ప్రసాద్ హెడ్‌ఫోన్స్ తీసి, "ఇన్నాళ్లూ దీనికి నేను తప్పు చప్పుడు పెట్టానండి," అన్నాడు. గలగలమనే చప్పుడు తీసేశాడు. జడలమ్మ దగ్గర నీటి చప్పుడు కొంచెం తగ్గేట్టు చేశాడు, అంతే.

మళ్లీ జగ్గయ్యపేట వెళ్లాం. ఈసారి ప్రసాద్ కూడా వచ్చాడు. కరీమున్నీసా గారికి ఏం మార్చామో చెప్పలేదు. అసలేమీ చెప్పలేదు. ఫోన్ చేతికిచ్చి నేను స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. ఆమె ఓడిపోతే జడలమ్మ ఉండదు, ఏరు ఉండదు. షబానా అప్పటిదాకా చేసిన పనంతా చెత్తబుట్టలోకి పోతుంది.

మొదటిసారి చచ్చిపోయింది. ప్రసాద్ తల దించుకున్నాడు.

రెండోసారి జడలమ్మకు కాస్త ఇవతల ఒక రాయి మీద పిల్లను ఆపింది. అప్పటిదాకా ఎవరూ అక్కడ ఆగలేదు. ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. గాజులు కావాలంటూ ఎవరో వచ్చారు. "ఉండమ్మా," అంది తలెత్తకుండానే. అలా చూస్తూ ఉంది. మేమూ చూస్తూ ఉన్నాం.

"ఒసేయ్ షబానా," అంది నెమ్మదిగా. "ఇది ఎదురు ఊగుతోందే."

షబానా కళ్లు మూసుకుంది.

ఆమె వేలు కదిలింది. పిల్ల రాయి మీంచి ఎగిరి, తిన్నగా పోయి జడలమ్మ నడినెత్తిన దిగింది. జడలన్నీ ఒక్కసారి విరబోసుకుని, తర్వాత ఒక్కటొక్కటే ముడుచుకుని ఇసుకలోకి దిగిపోయాయి. ఆ దిగిపోవడం షబానా గీసి ఎన్నాళ్లో అయింది. మేం ముగ్గురం తప్ప ఎవరూ చూడలేదు. నేను అందరికీ తప్పించుకుని పొమ్మని చెప్పాను కదా, నెత్తి మీద దూకిన మనిషి ఒక్కరూ లేరు.

"చచ్చావా ముండా," అంది కరీమున్నీసా గారు తృప్తిగా. "ఇంకోటి ఉందా దీని చెల్లెలు?"

ఉంది. దాన్నీ తొక్కింది. దాని తర్వాతదాన్నీ తొక్కింది. గాజులకు వచ్చినావిడ బేరం సంగతి మరిచిపోయి, "ఆ మూలన, ఆ మూలన ఎదురు ఊగుతోంది పిన్నీ" అంటోంది. "నువ్వు చెప్పమాక, నేను చూస్తా," అని ఆమెను కసిరింది. ఏటి చివర సముద్రం కనపడగానే ఫోన్ నా ఒళ్లో పెట్టి, "ఇప్పుడు బాగుంది బాబూ. ఇప్పుడు చచ్చినా నా తప్పే," అంది.

ప్రసాద్ షబానాకు చెయ్యి చాపాడు. ఆమె నవ్వుతూ చెయ్యి కలిపి, వెంటనే చున్నీతో మొహం తుడుచుకుంది. మేం ముగ్గురం ఆ బజార్లోనే నిలబడి గోలీసోడా తాగాం. నా ఉద్యోగంలో అంతకంటే మంచి రోజు మళ్లీ రాలేదు.

బిల్డ్ పంపాం. అనిత గారు కొత్త మనుషులతో ఆడించి, ఒక్క వీడియో మాత్రం పంపారు. అందులో మాకు ముక్కూ మొహం తెలియని ఒక కుర్రాడు రెండుసార్లు చచ్చి, మూడోసారి సరిగ్గా ఆ రాయి మీదే ఆగాడు. చూశాడు. నోరు తెరిచి నవ్వాడు. దూకాడు. కింద అనిత గారి మెసేజ్: "నీటి లెవెల్ ఉంచండి. ఆటకు ముఖచిత్రంగా కూడా జడలమ్మనే వేద్దాం." అలాగే వేశారు. మొట్టమొదట తీసేయమన్నదే చివరికి మా ఆటకు మొహం అయింది. ఇప్పుడు మా వీధిలో పిల్లలు ట్యూషన్‌కి పోతూ చేతులు పైకెత్తి, మిగతావాళ్లు ఒకవైపు ఊగుతుంటే ఒకడు ఎదురు ఊగుతాడు. వాణ్ణి పట్టుకోవడమే ఆట.

ఇంత గెలుపులోనూ నేను చేయవలసింది ఒకటి మిగిలిపోయింది. తప్పు ఎక్కడ దొరికిందని అనిత గారు అడిగినప్పుడు, "మేం చూసి సరిచేశామండి," అన్నాను. 'మేం' అన్న మాట వెనక దాక్కున్నాను. అంతకుముందు షబానా మీద పెట్టిన మాట అలాగే ఉండిపోయింది. మొదటి గేమ్ కాబట్టి ఆ అమ్మాయి తడబడిందనీ, రఘు గారు గట్టెక్కించారనీ ఆ కంపెనీలో అనుకున్నారు. అదే ఊరూరా పాకి కాలేజీ వేదిక దాకా వచ్చింది.

ఈ రాసింది అచ్చుకు పంపేముందు అనిత గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆమె చాలాసేపు విని, "ఇది నాకు అప్పుడే చెప్పాలి కదండీ," అన్నారు. అవునన్నాను. "రెండో ఆటకి డిజైన్ ఎవరు చూస్తున్నారు?" అని అడిగారు. షబానా అని చెప్పాను. కాలేజీవాళ్లకు కూడా రాశాను, ఈసారి పిలిస్తే ఆమెను పిలవమని. పిలిచారు. వెళ్లి మాట్లాడి వచ్చింది. మున్నేటి వీడియో చూపిస్తే, ఎదురు ఊగేది ఏదో పిల్లలే కనిపెట్టారట.

ఈ పనిలో కొత్తగా అడుగుపెట్టేవాళ్లు నన్ను సలహా అడుగుతుంటారు. నాకు తెలిసింది ఇంతే. ఎవరైనా మన ఆట ఆడుతున్నప్పుడు మనం నోరు మూసుకోవాలి. అది ఎవరు చేశారని అడిగినప్పుడు నోరు తెరవాలి. నేను ఆ రెండూ తిరగేసి చేశాను. జడలమ్మ షబానాది. ఆమె దాన్ని మొదటిసారే సరిగ్గా చేసింది.